ఆకలిగొన్న మెదడు

మా దొడ్డమ్మ 1998వ సంవత్సరము కార్తికమాసమున పక్షవాతముచేత పడిపోయినది. ఆసుపత్రిలో మందుల మోతాదు నిర్ణయించుటకై ఇద్దఱు పట్టుకొని ఆమెను త్రాసుమీద కూర్చుండబెట్టిరి. 36 కిలోలు తూగినది. ఆ సంఖ్యను వ్రాసికొనిన నర్సు తల యెత్తి, "ఈమెగారు ఎంతకాలమునుండి జబ్బుగా ఉన్నారండీ?" అని నన్నడిగినది. జబ్బేమియు లేదని చెప్పితిని. అది నిజమే. ఆమె మంచము పట్టగా మాయింట నెవ్వరును చూచియుండలేదు. 26వ యేట భర్త గతించినది మొదలు 69వ యేట పడిపోయిన దినము వఱకు, తెల్లవారకమునుపే లేచి, మడి గట్టుకొని, అందఱికిని వండి వడ్డించి, మధ్యాహ్నము మూడుగంటల వేళ తానొక్కపూట భుజించుట ఆమె జీవితము. రాత్రి ఫలహారమని పేరు. అందు ఫలమును లేదు, ఆహారమును లేదు. గుప్పెడు అటుకులు, ఒక లోటా మజ్జిగ. ఏకాదశినాడు అదియు లేదు.

మాది సంస్కారము గల కుటుంబమని మాకు పేరు. మా తాతగారు స్త్రీవిద్యను గూర్చి సభలలో మాటలాడినవారు. దొడ్డమ్మకు శిరోముండనము చేయించరాదని ఆయన పట్టుబట్టి బంధువులతో వైరము తెచ్చుకొనిరి. దానికి మేమందఱమును గర్వించితిమి. కాని ఆమె కంచములోనికి మాత్రము మాలో నొక్కరును తొంగిచూడలేదు. పాలు పిల్లలకు, పెరుగు మగవారికి, మజ్జిగ ఆమెకు. పప్పుగిన్నె ఆమె వంతు వచ్చునప్పటికి అడుగంటియుండెడిది. దానిని మేము నిష్ఠ యనుకొంటిమి, ఊరివారును అట్లే యనిరి, నేనును మెచ్చినవాడనే.

ఆమెకు కుడిచేయి, కుడికాలు, మాట మూడును పోయినవి. ఆ వార్డులోనే ప్రక్కమంచమున ఇంచుమించు ఆమె యీడుదే మఱియొక స్త్రీ, ఒక రైసుమిల్లు యజమానురాలు, అదే విధమైన జబ్బుతో ఉండెను. మూడువారములకు ఆ స్త్రీ చేతికఱ్ఱ పట్టుకొని నడచి యింటికి పోయినది. మా దొడ్డమ్మకు పదునెనిమిదవనాడు ఊపిరితిత్తులకు వాపు వచ్చి ప్రాణము పోయినది. "పుణ్యాత్మురాలు, ఎక్కువ తీసికొనకుండ దాటిపోయినది" అని చుట్టములనిరి. వయస్సని ఒకరు, కర్మమని ఒకరు, దెబ్బ పెద్దదని వైద్యుడు. ప్రక్కమంచపు స్త్రీని గూర్చి ఎవ్వరు నేమియు అనలేదు. నామనస్సున మాత్రము ఆ చేతికఱ్ఱ చప్పుడు చాలకాలము వినబడుచుండెను. అయినను ఇద్దఱు రోగులను ప్రక్కప్రక్కన చూచినంతమాత్రమున సిద్ధాంతము చేయరాదని ఎఱిగినవాడను గనుక ఊరకుంటిని.

కొన్నియేండ్ల తరువాత, జీవశాస్త్రము చదువుచున్న మా అమ్మాయి ఒక వ్యాసమును తెచ్చి నా ముందు పెట్టి, "నాన్నా, ఇది చదువు. మామ్మ సంగతే" అన్నది. అందులో మామ్మ లేదు. మంగోలియా యెడారులలో పుట్టిన జెర్బిల్ అను చిన్న యెలుకజాతి జంతువు లున్నవి. కెనడాదేశమునందలి సస్కాటూన్ నగరమున, సస్కాచివాన్ విశ్వవిద్యాలయములో ఫిలిస్ పేటర్సన్ అను నామెయు, ఆమె సహాధ్యాయులును చేసిన పరిశోధన యది, 2005లో ప్రకటింపబడినది. దానిని కొంచెము వివరముగా చెప్పవలసియున్నది. ఏలయనగా నేనెత్తదలచిన ధర్మప్రశ్న యంతయు ఆ వివరములయందే యున్నది.

మన మెదడునకు మెడలోని ధమనులనుండి రక్తము పోవును. మెదడు అడుగున ఆ రక్తనాళము లన్నియు కలిసి ఒక వలయముగా ఏర్పడును. ఒక త్రోవ మూసికొన్నను మఱియొక త్రోవను కొంత రక్తము చేరుటకు అది సాయము. జెర్బిలునందు ఈ వలయము పూర్తికాలేదు. కాబట్టి మెడలోని రెండు ధమనులను అయిదు నిమిషములు మూసి విడిచినంతనే దాని మెదడు ముందుభాగము రక్తము లేక దెబ్బతినును. అందును హిప్పోకాంపస్ అను భాగము, జ్ఞాపకమునకును త్రోవలు గుర్తించుటకును స్థానమైనది, మిక్కిలి సుకుమారము. ఆశ్చర్యమేమనగా అచ్చటి కణములు ఆ అయిదు నిమిషములలో చావవు. రక్తము మఱల ప్రవహించును, జంతువు లేచి తిరుగును. కణములు కొన్నిదినములకు మెల్లగా నశించును. దెబ్బకును చావునకును నడుమ ఒక యెడము కలదు. ఆ యెడములో శరీరము తన్ను తాను బాగుచేసికొనునో, తన్ను తాను చెఱుపుకొనునో, అదియే పరిశోధకులకు కావలసిన సంగతి.

సస్కాటూన్‌వారు జెర్బిళ్లను రెండు తెగలుగా విభజించిరి. ఒక తెగకు నూటికి 12.5 పాళ్లు మాంసకృత్తులు గల తిండి పెట్టిరి. రెండవ తెగకు నూటికి 2 పాళ్లు మాత్రమే. నాలుగువారము లట్లు గడచిన పిమ్మట ధమనులను మూసి తెఱచిరి. తరువాత వానిని తెలియని చోట విడిచి, అవి తిరుగు తీరును కొలిచిరి. మాంసకృత్తులు కొఱవడినవి దెబ్బనుండి తేరుకొనుటలో వెనుకబడినవి. 2008లో అదే విశ్వవిద్యాలయమునుండి మఱియొక వ్యాసము వచ్చినది: రక్తము ఆగి వచ్చిన తరువాత కణములలో వాపును రేపునట్టి మీట యొకటి, ఎన్.ఎఫ్. కప్పా-బి అనునది, పోషణలేని జంతువుల హిప్పోకాంపస్‌లో అధికముగా ప్రేరితమైనది. ఆ మీట సందర్భమునుబట్టి రక్షించుటయు కలదు, భక్షించుటయు కలదు. కాని మెదడు ఆకలిగొన్నప్పుడు అది పనిచేయు కొలత తప్పుచున్నదని తెలియుచున్నది. 2014లో ప్రకటించిన మూడవ పరిశోధన ఎలుకలమీద చేసినది. అందు దెబ్బ తగులు నప్పటికి అవి బాగుగా తినుచున్నవే. తిండి తగ్గించినది దెబ్బకు తరువాత. అప్పుడును శరీరము వాపునకు ఎదురుచెప్పు విధము వక్రించినది. నరముల కొనలు మఱల పెరుగుటకు తోడ్పడు ఒక మాంసకృత్తు తగినంత పుట్టుట కాటంకము కలిగినది.

ఇప్పుడు మా అమ్మాయి అన్న మాటకు అర్థము బోధపడినది. మా దొడ్డమ్మ మరణమునకు మేము చెప్పుకొన్న కారణములు మూడు గదా: వయస్సు, కర్మము, దెబ్బ తీవ్రత. పంజరములోని జెర్బిళ్లు ముసలివి కావు. వానికి పూర్వజన్మకర్మమును అంటగట్టుటకు మనలో ఎంత ఆచారపరునికైనను మనసొప్పదు. దెబ్బయో, రెండుతెగలకును గడియారము పెట్టి కొలిచిన అయిదు నిమిషములే. వేఱుగా నున్నది తిండి యొక్కటే. మేము దాగియుండిన తలుపులన్నియు ఆ చిన్నజంతువు ఒక్కొక్కటిగా మూసివేసినది.

ఈ సంగతిని నేనొక మిత్రునితో చెప్పితిని. ఆయన జీవకారుణ్యమునందు పట్టుదల గలవారు. తేనెను సైతము ముట్టరు. అంతయు విని ఆయన యిట్లనిరి: "ఆకలి చెఱుపు చేయునని తెలిసికొనుటకు ఒక నోరులేని ప్రాణిని నాలుగువారములు మాడ్చి, దాని మెడ కోసి, నెత్తురాపి చూడవలెనా? అన్నము పెట్టిన ప్రతి తల్లియు ఎఱిగిన మాటయే కదా. లోకములో ఆకలిగొన్నవారు చాలక, మీ శాస్త్రజ్ఞులు పంజరములలో క్రొత్తగా మఱికొందఱిని సృష్టించుకొనిరా?"

ఈ యాక్షేపణ సామాన్యమైనది కాదు. చదువరులలో పెక్కండ్రు దీనిని తమలో తామనుకొనియే యుందురు. దీనికి నాకు తోచిన సమాధానమును దాపరికము లేక చెప్పెదను. అది పూర్తిగా తృప్తికరమైన దనుకొనను.

ప్రతి తల్లియు ఎఱుగునన్న మాటను ముందు పరీక్షింతము. మాయింట తల్లు లైదుగురుండిరి, ఒక్కరును ఎఱుగలేదు. ఎఱిగియున్నచో అది మాకు తెలియలేదు. అంతేకాదు, మన పెద్దల మాట దీనికి విరుద్ధముగ గూడ నున్నది. లంఘనము పరమౌషధమని ప్రతి వంటయింటను వినబడు వాక్యము. విచిత్రమేమనగా దానికిని ప్రయోగశాలలో సాక్ష్యము కలదు. అమెరికాలో మార్క్ మాట్సన్ అను శాస్త్రజ్ఞుడును ఆయన సహచరుడును 1999లో ప్రకటించిన పరిశోధనలో, తిండిని మితము చేసి పెంచిన యెలుకలకు మెదడులోని రక్తనాళమును మూసినప్పుడు, ఇష్టమువచ్చినంత తినిన యెలుకలకంటె తక్కువ హాని కలిగినది. అవి మేలుగా తేరుకొన్నవి గూడ. ఒకచోట తక్కువతిండి మెదడును కాపాడినది; మఱియొకచోట తక్కువతిండి మెదడును చెఱిపినది. తల్లుల యెఱుక యొక్కటియే మనకు దిక్కైనచో ఈ రెంటిలో దేనిని నమ్మవలెను?

ఈ రెండు పరిశోధనలకును వైరము లేదు. మితాశనము చేసిన యెలుకకు తిండి పరిమాణము తగ్గినది కాని అందలి సారము తగ్గలేదు. మాంసకృత్తులు, లవణములు, విటమినులు అన్నియు దానికి అందినవి. దానితో పోల్చిన యెలుక సంగతియు చూడవలెను. అది ఇఱుకుపంజరమున కదలక మెదలక పగలు రాత్రి ముందు తిండి పెట్టుకొని కూర్చున్న జంతువు. అట్టివి లావెక్కి, రక్తములో చక్కెర చెడి, రోగగ్రస్తములే యగుచున్నవని 2010లో మాట్సన్‌గారి బృందమువారే వ్రాసి శాస్త్రలోకమును హెచ్చరించిరి. అనగా అచ్చట మితాశి గెలిచినది తిండిపోతును. సస్కాటూన్‌లోని జెర్బిలునకు లేనిది పరిమాణము మాత్రమే కాదు. దేహమును కట్టెడి ద్రవ్యమే లేదు. మన భాషలో ఈ భేదమునకు ఎప్పటినుండియో రెండు మాటలున్నవి. ఒకటి ఉపవాసము, రెండవది పస్తు. ఉపవాస మున్నవాడు రేపు పారణ చేయును. వాని గాదె నిండియే యున్నది. పస్తున్నవానికి రేపును అదే గతి. మా దొడ్డమ్మ 43 సంవత్సరములు చేసినది ఈ రెంటిలో ఏది? పేరు ఉపవాసము, పదార్థము పస్తు. ఈ పేరుమార్పిడి మన యిండ్లలో ఎంత హాయిగా జరిగిపోవుచున్నదో చూచితిరా! దానిని విడదీసి చూపుటకు సామాన్యమైన లోకజ్ఞానము చాలలేదు, కొలత కావలసివచ్చినది.

అయినచో మనుష్యులనే చూచి కొలువరాదా యని మిత్రుని రెండవ ప్రశ్న. కొలిచినవారును కలరు. రెండవ ప్రపంచయుద్ధకాలమున, 1944–45లో, అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయమున ఆన్సెల్ కీస్ అను శాస్త్రజ్ఞునియొద్ద 36 మంది యువకులు తమంతట తాము ముందుకు వచ్చి ఆఱునెలలు అర్ధాకలితో నుండిరి. వారు యుద్ధము చేయుటకు అంతరాత్మ ఒప్పనివారు. కఱవున చిక్కినవారిని ఎట్లు తేర్చవలెనో తెలియుటకై తమ దేహముల నర్పించిరి. 1942లో వార్సా నగరపు యూదుల వాడలో, తామును ఆకలితో మాడుచున్న వైద్యులు తమవారి ఆకలినే పరీక్షించి వ్రాసిపెట్టిరి. ఆ వ్రాతప్రతి బయటికి చేరి, వ్రాసినవారిలో పెక్కుమంది చనిపోయిన తరువాత 1946లో అచ్చైనది. వీరిని తలచుకొన్నప్పుడు మన మాటలు చాలవు. కాని ఎంతటి త్యాగియైనను, "నా మెదడునకు రక్త మాపి చూడుడు" అని యనలేడు. అన్నను ఆ పని చేయు వైద్యుడు వైద్యుడు కాడు.

ఇక రోగులను చూచి నేర్చుకొనుట యొకటి మిగిలినది. దొడ్డమ్మ పోయిన అయిదేండ్లకు, 2003లో, ఫుడ్ ట్రయల్ అను పేరుతో అనేకదేశముల ఆసుపత్రులు కూడి చేసిన పరిశోధన ఫలితమొకటి వెలువడినది. ఇంచుమించు మూడువేల మంది పక్షవాతపు రోగులను ఆఱునెలలు కనిపెట్టి చూచిరి. ఆసుపత్రికి వచ్చునప్పటికే పోషణలేక యున్నవారిలో నూటికి 37 మంది మరణించిరి. సరియైన పోషణ గలవారిలో నూటికి 20 మంది. చిక్కినవారికి ఊపిరితిత్తుల వాపు మొదలైన అంటురోగములును ఎక్కువగా వచ్చినవి. ఆ పదునెనిమిదవదినము నాకు మఱల కన్నులయెదుట నిలిచినది. అయినను మనుష్యులలో ఆకలి యొంటరిగా రాదు. చిక్కినవాడు తఱచుగా ముసలివాడు, ముందే రోగి, దిక్కులేనివాడు. లెక్కలు కట్టువారు వయస్సును, దెబ్బ తీవ్రతను తీసివేసి చూచినప్పుడు ఆ సంబంధము కొంత బలహీనమైనది, కాని పోలేదు. ఆ మిగిలినది ఆకలి చేసిన పనియేనా, లేక మనము కొలువని మఱియొక దుఃఖము చేసిన పనియా? మనుష్యులను చూచి ఈ ప్రశ్నకు నిష్కర్షగా బదులు చెప్పుట దుర్లభము. ఆ సందు దొరకినంతవఱకు మావంటి కుటుంబములు అందులో తలదాచుకొనుచునే యుండును. ఆ సందును మూసినది జెర్బిల్.

కాబట్టి ఆ ప్రయోగము నిరర్థకము కాదని నా నమ్మకము. నిర్దోషమా యనునది వేఱు ప్రశ్న. ఆంగ్లదేశమున రస్సెల్, బర్చ్ అను నిరువురు 1959లో ఒక గ్రంథము వ్రాసి, ప్రాణి లేకయే తెలియదగినదానికి ప్రాణిని వాడరాదనియు, వాడవలసివచ్చినచో వీలైనంత తక్కువ ప్రాణులను, వీలైనంత తక్కువ బాధతో వాడవలెననియు నియమము చెప్పిరి. మనదేశమున 1960లో చేసిన జంతుహింసా నివారణ చట్టము జ్ఞానముకొఱకును ప్రాణరక్షణకొఱకును చేయు ప్రయోగములను అనుమతించుచునే, అనవసరమైన బాధ కలుగకుండ చూచుటకు ఒక సంఘమును ఏర్పఱచు వీలు కల్పించినది. ఇవి మంచి కట్టుబాట్లు. కాని ఇవి బాధను తగ్గించునే గాని బాధ లేదని చెప్పవు. పడమటి ప్రయోగశాలలలో జంతువును చంపుటను "బలియిచ్చుట" అని వ్రాయు వాడుక యున్నది. మొదట ఆ మాట నాకు కపటముగా తోచినది. తరువాత ఆలోచింపగా, వారెఱుగకయే సరియైన మాట వాడిరనిపించినది. బలి యన్నచో దాని కొఱకు అను ప్రశ్న వచ్చును. ఎవరి మేలు కోరి యిచ్చిన బలి యిది? దాని ఫలము ఎవరికి చేరినది?

ఈ ప్రశ్నకు పక్షవాత పరిశోధన చరిత్రలో వచ్చు బదులు సంతోషకరమైనది కాదు. 2006లో కొందఱు శాస్త్రజ్ఞులు, మెదడు కణములను కాపాడుటకై అంతవఱకు పరీక్షింపబడిన చికిత్సలను లెక్కించిరి, 1,026 తేలినవి. అందు జంతువులకు మేలు చేసినవి ఎన్నో; రోగుల మంచముదాక వచ్చి నిలిచినవి లేవనియే చెప్పవలెను. గడ్డను కరగించు మందు మాత్రము నిలిచినది; అది రక్తపు త్రోవను తెఱచునది గాని కణమును కాపాడునది కాదు. ఈ పరాజయమునకు కారణములు పెక్కు చెప్పుదురు. ఒక్కదానిని మాత్రమిచ్చట ప్రస్తావించెదను. ఆ జంతువులు చాలవఱకు పడుచువి, మగవి, కడుపునిండ తినినవి. పక్షవాతమున పడువారు ముసలివారు, వారిలో సగమువఱకు స్త్రీలు, బీదదేశములలో సగము కడుపువారు. ఆకలిగొన్న వృద్ధస్త్రీకి ఆ ప్రయోగశాలలలో ప్రతినిధియే లేదు. రెండుపాళ్ల తిండి తినిన ఆ జెర్బిల్, మగదే యైనను, పడుచుదే యైనను, మా దొడ్డమ్మకు అచ్చట దొరకిన ఒక్క ప్రతినిధి. అందుచేత దానియందు నాకొక విధమైన బంధుత్వము కలిగినదని చెప్పుటకు సిగ్గుపడను. మిత్రుడు నవ్విరి, నవ్వుదురు గాక.

అట్లయిన ఆ ఫలమును చేర్చుట యెట్లు? పక్షవాతము వచ్చిన తరువాత పాలును బలమైన ద్రావకములును పట్టించిన సరిపోవునా? ఫుడ్ ట్రయల్‌వారే దీనిని పరీక్షించి 2005లో ప్రకటించిరి. 4,023 మంది రోగులలో కొందఱికి మామూలు ఆసుపత్రి భోజనముతోపాటు పుష్టినిచ్చు అదనపు ఆహారమును ఇచ్చిరి, కొందఱి కీయలేదు. చావులలోగాని అంగవైకల్యములోగాని చెప్పదగిన భేదము కానరాలేదు. ఐతే అందు పోషణలేనివారు నూటికి 8 మందియే. నిండినకడుపున మఱికొంత పోసిన నేమి లాభము? చిక్కినవారి సంగతిని ఆ పరీక్ష తేల్చినట్లు కాదు. ఆసుపత్రిలో చిక్కిన రోగికి అన్నము పెట్టరాదని దీనివలన ఎవ్వరును గ్రహింపకుందురు గాక. 2014 నాటి యెలుకలు చెప్పినదియు అదియే: దెబ్బ తరువాతి తిండియు లెక్కకు వచ్చును. కాని అయిదు నిమిషములకు ముందుండిన నాలుగువారములను అయిదు నిమిషముల తరువాత తెచ్చియిచ్చుట ఎవ్వరి తరమును కాదు. 43 సంవత్సరముల మాట చెప్పనేల?

ఈ విషయమున మన తెలుగువారికి జంతువుల యెడల ఒక పాతబాకీ గూడ కలదు. రాబర్ట్ మెక్‌కారిసన్ అను వైద్యుడు 1918లో కూనూరులో బెరిబెరి రోగమును గూర్చి పరిశోధన ప్రారంభించెను. తరువాత ఆయన ఎలుకలను గుంపులుగా చేసి, ఒక్కొక్క గుంపునకు ఈదేశమున ఒక్కొక్క ప్రాంతమువారు తిను భోజనమును పెట్టి పెంచెను. గోధుమరొట్టె, పాలు, పప్పు, కూరలు గల పంజాబు సిక్కుల భోజనము తినిన యెలుకలు అన్నిటికంటె పుష్టిగా పెరిగినవి. మరపట్టిన బియ్యమే ప్రధానముగా గల మద్రాసు భోజనము తినినవి కడపట నిలిచినవి. ఆనాడు మన సర్కారు జిల్లాలును రాయలసీమయు మద్రాసు రాజధానిలోనివే గనుక ఆ కడపటి యెలుకలు తినినది మన విస్తరిలోని అన్నమే. ఆ పరిశోధనాలయము 1958లో హైదరాబాదునకు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ యను పేరు దాల్చి, నేటికిని అచ్చటనే యున్నది. అనగా మన విస్తరి కొఱతను ఎలుకలు మనకు తెలిపి ఇంచుమించు నూఱేండ్లైనది. విస్తరి మాఱలేదనను, మాఱినది. కాని ఎవరి విస్తరి ముందు మాఱినది?

2019–21 సంవత్సరములలో చేసిన జాతీయ కుటుంబారోగ్య సర్వేలో, ఈదేశమున 15 మొదలు 49 సంవత్సరముల వయస్సు గల స్త్రీలలో నూటికి 57 మంది రక్తహీనులని తేలినది. అదే వయస్సు పురుషులలో నూటికి 25 మంది. స్త్రీల శరీరధర్మము దీనికి కొంత కారణమే, దానిని కాదనరాదు. కాని శరీరధర్మము పప్పుగిన్నెను ఖాళీచేయదు. ఒకే పైకప్పు క్రింద, ఒకే పొయ్యిమీద ఉడికిన అన్నము తిను ఇద్దఱిలో ఒకరి రక్తమున సారమును, మఱియొకరి రక్తమున నీరును ఉండుట బీదతనము ఒక్కదానివలన మాత్రమే కాదు. మాది బీదయిల్లు కాదు. మా గాదెలో కందులు ఉండెడివి. వంటయింటికిని కంచమునకును నడుమ, ఎవరెప్పుడు కూర్చుండవలెనను ఆచారమొక్కటి యుండెడిది, అంతియే.

మిత్రునితో నా వాదము ఇచ్చటికి వచ్చి ఆగినది. ఆయన యొక మాటనిరి. దానికి నాయొద్ద బదులు లేదు. "సరే, ఆ జెర్బిల్ చచ్చి మీకొక నిజము తెలిపినదనుకొందము. తెలిసిన పిమ్మట మీరేమి చేసితిరి? ఏమియు చేయనిచో నేను మొదట అన్నదే నిలుచును కదా. అది వట్టి హింసయే." ప్రయోగశాలలో కత్తి పట్టినవారు నిర్దోషులో కాదో తేల్చువారు తామే యని నేనింతకాలము తలచియుంటిని. ఆ తీర్పులో కొంత పాలు మాయింటి వడ్డనలో నున్నదని ఆయన చెప్పిన తరువాతగాని నాకు తట్టలేదు.

ఈ సంవత్సరము దొడ్డమ్మ తిథినాడు మాయింట పదునేడుగురు భోక్తలమైతిమి. మగవారమును పిల్లలును మొదటి పంక్తిని కూర్చుంటిమి. రెండవ పంక్తిలో కోడండ్రును ఆడుబిడ్డలును. నా భార్య వడ్డించుచున్నది. ఆమెకు 64 ఏండ్లు, రక్తపుపోటు కలదు, ఈమధ్య చిక్కినది గూడ. "నీవును కూర్చో, ఎవరికి కావలసినది వారు వడ్డించుకొందురు" అని రెండుమాఱులంటిని. "మీరు కానివ్వండి, నాదేముంది, తరువాత తింటాను" అన్నది. ముప్పదియైదేండ్లుగా ఆమె అనుచుండిన మాటయే యది. ముప్పదియైదేండ్లుగా నేనును విని చేయి కడుగుకొని లేచుచుండిన మాటయే. ఈసారి లేవలేదు. మా అమ్మాయి లోపలికి పోయి ఒక కంచము తెచ్చి, రెండవ పంక్తివారికి పప్పు చూపకమునుపే అందులో రెండు గరిటెలు వేసి, తల్లికి చోటుచేసి, ఆమె చేతిలోని గరిటెను తాను తీసికొన్నది. నా భార్య కొంతసేపు నిలుచుండియే యుండినది. కోపము వచ్చినదో, కన్నీరు వచ్చినదో నాకు తెలియలేదు. పిమ్మట కూర్చున్నది.